తప్పిపోయిన నమాజులను తీర్చుకోవడం ఎలా? ఖజా లెక్క నుంచి సజ్దా సహూ దాకా

"చాలా ఏళ్లు నమాజు చదవలేదు. ఇప్పుడు మొదలుపెట్టాను. పాతవన్నీ ఏం చేయాలి? ఎన్ని తప్పాయో కూడా తెలియదు." దాదాపు ఇవే మాటలతో ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. అడిగేవాళ్లలో చాలామంది లెక్క చూసి భయపడి అసలు మొదలే పెట్టడం లేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగిస్తోంది. ఈ పని కూర్చుని లెక్కేసుకుంటే కనిపించేంత పెద్దది కాదు, చేసుకుంటూ పోతే తరిగిపోతుంది.

తప్పిన నమాజును తర్వాత చదివి తీర్చడాన్నే ఖజా అంటారు. ఇక్కడ చెబుతున్నది హనఫీ పద్ధతి. షాఫయీ పద్ధతిలో తేడా ఉన్న ముఖ్యమైన చోట్ల అది కూడా చెబుతాను. మీ మస్లక్ (హనఫీ, షాఫయీ లాంటి ధర్మశాస్త్ర సంప్రదాయం) ఏదో ముందు తేల్చుకుని, మొదటి నుంచి చివరి దాకా దాన్నే పాటించండి. ఒక విషయం అక్కడిది, ఇంకో విషయం ఇక్కడిది తీసుకుంటే లెక్క ఎప్పటికీ తేలదు.

ఆధారం ఒక్క ముక్కలో: నమాజు మరచిపోయినా, నిద్రలో తప్పిపోయినా గుర్తొచ్చిన వెంటనే చదవాలని, దానికి అదే పరిహారమని దైవప్రవక్త (స) చెప్పారు. ఇది బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. ఖైబర్ నుంచి తిరిగి వస్తున్నప్పుడు కాపలాకు కూర్చున్న హజ్రత్ బిలాల్ (రజి)కి కూడా నిద్ర పట్టేసి, అందరికీ ఫజర్ (తెల్లవారుజాము నమాజు) తప్పింది. ఎండ తగిలాకే మెలకువ వచ్చింది. ప్రవక్త (స) ఆ చోటు వదిలి ముందుకు కదిలి, వుజూ (నమాజుకు ముందు చేసే శుద్ధి) చేసి, ఇఖామత్ (నమాజు మొదలవుతోందన్న పిలుపు) చెప్పించి అందరితో నమాజు చదివించారు. హిజ్రీ 5లో కందకం యుద్ధమప్పుడు అసర్ (సాయంత్రం నమాజు) తప్పితే, సూర్యుడు అస్తమించాక ముందు అసర్, తర్వాత మగ్రిబ్ (సూర్యాస్తమయం తర్వాతి నమాజు) చదివారు. కావాలని వదిలేసిన నమాజుకు కూడా ఖజా తప్పదని నాలుగు మస్లక్‌ల ఉలమాల్లో (ధర్మ పండితుల్లో) అత్యధికులు చెప్పారు. దానికి ఖజా లేదు, తౌబా (పశ్చాత్తాపం) చేసి నఫిల్ (ఐచ్ఛిక నమాజులు) ఎక్కువగా చదవాలి అన్నవాళ్లూ ఉన్నారు, ఇబ్నె తైమియా వారిలో ఒకరు. ఈ వ్యాసం మొదటి మాట ప్రకారం సాగుతుంది.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక నోట్‌బుక్. ఫోన్‌లో రాసుకున్నా సరే, కానీ ఫోన్ పోతే లెక్క కూడా పోతుంది. కాగితం మీద ఒక కాపీ ఉండాలి.
- మీ ఊరి నమాజు వేళల పట్టిక. అందులో సూర్యోదయం, జవాల్ (సూర్యుడు నడినెత్తి నుంచి వాలే వేళ), సూర్యాస్తమయం వేళలు తప్పక ఉండాలి.
- ఇషా (రాత్రి నమాజు) తర్వాత చదివే విత్ర్ నమాజులోని దుఆయె ఖునూత్ అనే ప్రార్థన. రాకపోతే నేర్చుకునే దాకా "రబ్బనా ఆతినా" దుఆ చదవవచ్చు.
- సందేహం వస్తే అడగడానికి మీకు నమ్మకమున్న ఒక ఆలిమ్ (ధర్మ పండితుడు).

ఇక మొదలుపెడదాం

1. ముందు ఈరోజు నమాజును నిలబెట్టండి. ఇవాళ్టి అసర్ వదిలేసి పదేళ్ల నాటి అసర్ తీర్చడంలో అర్థం లేదు. పాతవాటికి తౌబా చేయండి: చేసినదానికి బాధపడటం, మానేయడం, ఇక మీదట వదలనని గట్టిగా నిర్ణయించుకోవడం. తౌబాతో ఆలస్యం చేసిన పాపం మాఫీ అవుతుందని ఆశ. నమాజు అప్పు మాత్రం అలాగే ఉంటుంది, దాన్ని చదివే తీర్చాలి.

2. లెక్క ఎప్పటి నుంచి మొదలవుతుందో ఖాయం చేయండి. యుక్తవయసు వచ్చిన రోజు నుంచి నమాజు ఫర్జ్ (తప్పనిసరి విధి). ఆ గుర్తులు ఎప్పుడు కనిపించాయో తెలిస్తే అదే తేదీ. ఏ గుర్తూ కనిపించకపోతే 15 చాంద్రమాన సంవత్సరాలు నిండిన రోజు. ఇక్కడ చాలామంది పొరపడతారు. చాంద్రమాన సంవత్సరం 354 లేక 355 రోజులే కాబట్టి, మనం వాడే క్యాలెండర్‌లో అది సుమారు 14 ఏళ్ల ఆరున్నర నెలలకే పూర్తవుతుంది. 15వ పుట్టినరోజు నుంచి లెక్కేస్తే దాదాపు అయిదున్నర నెలల నమాజులు లెక్కలోకి రాకుండా పోతాయి.

3. తీసేయాల్సిన రోజులు తీసేయండి. స్త్రీలకు హైజ్ (నెలసరి), నిఫాస్ (కాన్పు తర్వాతి రక్తస్రావం) రోజుల నమాజులకు ఖజా లేదు. ఉపవాసాలకు మాత్రం ఉంది. మీ అలవాటు నెలకు ఎన్ని రోజులో అన్ని తీసేయండి. గట్టిగా గుర్తులేకపోతే తక్కువ రోజులే తీసేయండి, అప్పుడు పొరపాటుకు చోటుండదు. ఒక జాగ్రత్త: హనఫీ లెక్కలో హైజ్ గరిష్ఠం 10 రోజులు, నిఫాస్ గరిష్ఠం 40 రోజులు. అది దాటితే అలవాటు రోజులకు మించినదంతా ఇస్తిహాజా (నెలసరి కాని రక్తస్రావం), ఆ రోజుల్లో నమాజు ఫర్జే. ఉదాహరణకు మీ అలవాటు 6 రోజులు, ఒక నెల 12 రోజులు సాగింది, ఆ 12 రోజులూ నమాజు చదవలేదు. అప్పుడు చివరి 6 రోజుల నమాజులు మీ మీద ఖజాగా ఉన్నట్టే. షాఫయీలో ఈ హద్దులు వేరు, అడిగి తెలుసుకోండి.

   స్పృహ లేకుండా ఆస్పత్రిలో ఉన్న కాలం విషయం: అయిదు నమాజుల వరకు అయితే ఖజా ఉంది. ఆరో నమాజు వేళ కూడా దాటిపోతే ఆ కాలానికి ఖజా లేదు. స్పృహ ఉండి, లేవలేక వదిలేసినవి మాత్రం లెక్కలోకి వస్తాయి.

4. ఒక్కో నమాజుకు విడిగా లెక్క కట్టండి. "మొత్తం 8 ఏళ్లు" అని ఒకే ముద్దగా వేసుకోవద్దు. నోట్‌బుక్‌లో ఆరు గడులు గీయండి: ఫజర్, జొహర్ (మధ్యాహ్నం నమాజు), అసర్, మగ్రిబ్, ఇషా, విత్ర్. 8 ఏళ్లంటే ఒక్కోదానికి సుమారు 2,920. కానీ మీరు జుమా (శుక్రవారం నమాజు) ఎప్పుడూ వదలలేదనుకోండి, జొహర్‌లోంచి ఏడాదికి 52 చొప్పున 416 తీసేయవచ్చు. రమజాన్ నెలల్లో అన్నీ చదివి ఉంటే ఆ రోజులూ తీసేయండి. మగ్రిబ్ సగం రోజులు చదివానని మనసు గట్టిగా చెబితే సగమే రాయండి. "చదివానేమో" అన్న చోట మాత్రం చదవనట్టే లెక్కేయండి. ఇక అనుమానం లేదు, ఇంతకంటే ఎక్కువ ఉండవు అని మనసు ఒప్పుకునే అంకె దగ్గర ఆగండి. ఆ అంకెను రాసి, తేదీ వేసి, ఇక దాన్ని తిరగదోడకండి.

5. ఏం చదవాలో తెలుసుకోండి. ఫజర్ 2, జొహర్ 4, అసర్ 4, మగ్రిబ్ 3, ఇషా 4, విత్ర్ 3. రోజుకు 20 రకాతులు (రకాతు అంటే నిలబడటం, వంగి చేసే రుకూ, నుదురు నేలకు ఆనించే రెండు సజ్దాలు కలిసిన ఒక భాగం). సున్నతులకు (ఫర్జ్‌తో పాటు ప్రవక్త ఆచరణగా చదివేవాటికి) ఖజా లేదు. ఒక్క మినహాయింపు: ఇవాళ్టి ఫజర్ తప్పి, జవాల్‌కు ముందే చదువుతుంటే 2 సున్నతులు కూడా కలిపి చదవండి. విత్ర్ హనఫీలో వాజిబ్ (ఫర్జ్ తర్వాతి స్థాయి తప్పనిసరి) కాబట్టి దానికి ఖజా ఉంది. షాఫయీలో అది సున్నత్, మీ ఆరో గడి అక్కర్లేదు. తప్పిపోయిన జుమాకు బదులుగా జొహర్ 4 రకాతులు చదవాలి. ప్రయాణంలో తప్పిన నాలుగు రకాతుల నమాజును ఇంటికొచ్చాక కూడా 2 రకాతులుగానే తీర్చాలి, ఇంట్లో తప్పినదాన్ని ప్రయాణంలో తీర్చినా 4 చదవాల్సిందే. షాఫయీ పద్ధతిలో మాత్రం ప్రయాణంలో తప్పినది ఇంటికొచ్చి తీరిస్తే పూర్తిగా 4.

6. నియ్యత్ (మనసులో సంకల్పం) ఇలా చేయండి. తేదీ తెలిస్తే "ఫలానా రోజు ఫజర్" అని అనుకోండి. తెలియకపోతే "నా మీద మిగిలి ఉన్న ఫజర్లలో మొట్టమొదటిది చదువుతున్నాను" అని మనసులో అనుకుంటే చాలు. దాన్ని చదివాక రెండోది మొదటిదవుతుంది, అలా క్రమం దానంతట అదే కుదురుతుంది. నోటితో అనడం షరతు కాదు. ఏ నమాజో తేల్చుకోకుండా "ఏదో ఒక ఖజా" అని మొదలుపెడితే అది కుదరదు.

7. వేళ చూసుకోండి. హనఫీలో మూడు వేళల్లో ఖజా చదవకూడదు: సూర్యుడు ఉదయించేటప్పుడు (ఆ తర్వాత 15–20 నిమిషాలు ఆగండి), నడినెత్తిన ఉన్నప్పుడు, అస్తమించే ముందు ఎర్రబడినప్పుడు. ఆ చివరి వేళలో అదే రోజు అసర్ ఒక్కటే చదవవచ్చు. ఫజర్ తర్వాత సూర్యోదయం దాకా, అసర్ తర్వాత ఎండ పసుపెక్కే దాకా నఫిల్ చదవకూడదు కానీ ఖజా చదవవచ్చు. ఈ తేడా తెలియక చాలామంది మంచి ఖాళీ సమయాన్ని వదిలేసుకుంటున్నారు. షాఫయీలో ఖజాకు నిషిద్ధ వేళలు లేవు.

8. రోజు కోటా పెట్టుకోండి. అందరికీ కుదిరే పద్ధతి: ప్రతి ఫర్జ్‌తో పాటు అదే పేరున్న ఒక ఖజా. జొహర్ చదివి ఒక పాత జొహర్, ఇషా చదివి ఒక పాత ఇషా, ఒక పాత విత్ర్. ఇలా అయితే 5 ఏళ్ల బాకీ 5 ఏళ్లలో, రెండేసి చదివితే రెండున్నర ఏళ్లలో తీరుతుంది. సెలవు రోజున కూర్చుని ఒక రోజువి మొత్తం చదివితే 20 రకాతులకు సుమారు అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. మొదటి వారం ఉత్సాహంలో రోజుకు వంద రకాతులు చదివి, రెండో వారం అన్నీ మానేసినవాళ్లు ఎందరో. చిన్న కోటాయే పెట్టుకోండి, దాన్ని మాత్రం తప్పించకండి.

9. సలాం తిప్పిన (చివర్లో తల పక్కలకు తిప్పి నమాజు ముగించిన) వెంటనే టిక్ పెట్టండి. "రాత్రికి అన్నీ కలిపి రాసుకుందాం" అనుకుంటే రాత్రికి అసర్ ఖజా చదివామో లేదో గుర్తుండదు.

చదివేటప్పుడు తేలిక కావాలంటే

బాకీ చాలా ఎక్కువగా ఉన్నవాళ్లు నమాజును కుదించవచ్చు, చెడగొట్టకూడదు. చిన్న సూరాలు (ఖుర్ఆన్ అధ్యాయాలు) చదవండి. ఫర్జ్ మూడో, నాలుగో రకాతుల్లో ఫాతిహా (ఖుర్ఆన్ మొదటి సూరా) బదులు మూడుసార్లు సుబ్‌హానల్లాహ్ అన్నా హనఫీలో నమాజు అవుతుంది. కానీ విత్ర్ మూడు రకాతుల్లోనూ ఫాతిహా, సూరా రెండూ ఉండాల్సిందే. షాఫయీలో ప్రతి రకాతులోనూ ఫాతిహా తప్పదు. రుకూలోంచి లేచి నిటారుగా నిలబడటం, రెండు సజ్దాల మధ్య కుదురుగా కూర్చోవడం, వీటిలో మాత్రం తొందర వద్దు. తొందరపడి చదివిన ఖజాకు మళ్లీ ఖజా చేయాల్సి వస్తే ఏం లాభం?

ఇషా, తహజ్జుద్ (రాత్రి నిద్ర లేచి చదివే నమాజు) వేళల్లో నఫిల్ చదివే అలవాటు ఉంటే వాటి స్థానంలో ఖజా చదవండి. సున్నతె ముఅక్కదాలను (గట్టిగా నొక్కి చెప్పిన సున్నతులను) మాత్రం వదలకండి. నిలబడలేనంత జబ్బు చేస్తే, ఆరోగ్యంగా ఉన్నప్పుడు తప్పినవాటిని కూడా కూర్చుని తీర్చుకోవచ్చు, బాగయ్యే దాకా ఆగనక్కర్లేదు.

ఇంకో మాట. ఖజా అంటే ఒకప్పుడు నమాజు వదిలామన్న సంగతి. దాన్ని నలుగురికీ చెప్పుకోవడం మంచిది కాదు, వీలైనంత వరకు ఇంట్లో చదవండి. మసీదులో అందరి ముందు విత్ర్ ఖజా చదవాల్సి వస్తే, ఖునూత్‌కు ముందు తక్బీర్ (అల్లాహు అక్బర్) చెప్పండి కానీ చేతులు ఎత్తకండి. చూసినవాళ్లకు అది ఏ నమాజో తెలియదు. ఈ చిన్న జాగ్రత్తను ఫిఖహ్ (ధర్మశాస్త్ర) గ్రంథాలే నేర్పాయి.

నిన్నో మొన్నో ఒకటి రెండు తప్పినవారికి

మీ మీద మొత్తం ఖజాలు ఆరు కంటే తక్కువ ఉంటే మిమ్మల్ని "సాహిబె తర్తీబ్" అంటారు. మీ నియమం వేరు: క్రమం తప్పకూడదు. ఇవాళ ఫజర్ తప్పిందనుకోండి. జొహర్ వేళ అయింది. ముందు ఫజర్ ఖజా, ఆ తర్వాతే జొహర్. జమాఅత్ (సామూహిక నమాజు) నిలబడి ఉన్నా సరే, ముందు ఖజా చదివి తర్వాత అందినంత జమాఅత్‌లో కలవండి. ఈ క్రమం మూడు సందర్భాల్లో తొలగిపోతుంది: ఖజా ఉందన్న సంగతే మరచిపోతే, ఖజా చదివితే ఇప్పటి నమాజు వేళ దాటిపోయేంత తక్కువ సమయం ఉంటే, ఖజాలు ఆరు అయితే. షాఫయీలో క్రమం సున్నత్ మాత్రమే.

ఏళ్ల బాకీ ఉన్నవాళ్లకు ఈ నియమం వర్తించదు. మీరు జమాఅత్‌లో కలవండి, ఖజాలు ఏ నమాజువైనా ముందూ వెనకా చదువుకోండి.

ఎక్కువగా జరిగే తప్పులు

అన్నిటికంటే నష్టం చేస్తున్నది "ఖజాయె ఉమ్రీ" పేరుతో తిరిగే మాట. రమజాన్ చివరి శుక్రవారం 4 రకాతులు చదివితే జీవితకాలపు ఖజాలన్నీ తీరిపోతాయట. దీనికి ఏ ఆధారమూ లేదు, ఉలమాలు దీన్ని స్పష్టంగా తిరస్కరించారు. ఇలాంటి మెసేజ్ వస్తే ఫార్వర్డ్ చేయకండి. మక్కా హరమ్‌లో (పవిత్ర మసీదులో) ఒక నమాజుకు లక్ష నమాజుల పుణ్యం అన్న మాట నిజమే, కానీ అది పుణ్యం లెక్క. అక్కడ ఒక ఫజర్ చదివితే ఇక్కడ ఒక్క ఫజర్ బాకీయే తీరుతుంది.

బతికుండగా డబ్బిచ్చి నమాజు బాకీ తీర్చుకోవడం లేదు. మీ తరఫున ఇంకొకరు చదవడమూ లేదు. ఇమామ్ ఇవాళ్టి జొహర్ చదివిస్తుంటే వెనక నిలబడి నిన్నటి జొహర్ నియ్యత్ చేయడం హనఫీలో కుదరదు. చివరగా, వుజూ లేకుండా చదివానని తర్వాత గుర్తొస్తే ఆ నమాజు అసలు కానట్టే, వేళ దాటితే అది కూడా లెక్కలో రాసుకోండి. అదే ఖిబ్లా (నమాజులో తిరగాల్సిన మక్కా దిక్కు) విషయంలో, తెలుసుకునే ప్రయత్నం చేసి, చెప్పేవాళ్లు లేక, మనసు చెప్పిన దిక్కుకు చదివి ఉంటే అది తప్పు దిక్కని తర్వాత తెలిసినా తిరిగి చదవక్కర్లేదు.

నమాజులో లోపం జరిగితే: సజ్దా సహూ

నమాజు పూర్తిగా తప్పడం ఒకటి, చదివినదాంట్లో లోపం రావడం ఇంకొకటి. లోపం ఏ రకమో ముందు తేల్చుకోండి.

- ఫర్జ్ వదిలితే (ఒక రకాతులో రుకూయే చేయలేదు, సలాం తిప్పి మాట్లాడేశాక గుర్తొచ్చింది): నమాజు మళ్లీ చదవాలి.
- వాజిబ్ మరచిపోతే (మొదటి కూర్చోవడం, ఫాతిహా, దాని తర్వాత సూరా, విత్ర్‌లో ఖునూత్): సజ్దా సహూ (పొరపాటుకు చివర్లో చేసే రెండు అదనపు సజ్దాలు).
- సున్నత్ వదిలితే (మొదట్లో చదివే సనా అనే స్తుతి, రుకూ సజ్దాల్లో చెప్పే తస్బీహ్): ఏమీ అక్కర్లేదు.
- వాజిబ్‌ను కావాలని వదిలితే: సజ్దా సహూ సరిపోదు, తిరిగి చదవాలి.

చేసే విధానం: చివరి కూర్చోవడంలో అత్తహియ్యాత్ (కూర్చుని చదివే వచనం) పూర్తి చేసి, కుడివైపు మాత్రం సలాం తిప్పండి. అల్లాహు అక్బర్ అని రెండు సజ్దాలు చేయండి. కూర్చుని మళ్లీ అత్తహియ్యాత్, దరూద్ (ప్రవక్త కోసం చేసే ప్రార్థన), దుఆ చదివి రెండువైపులా సలాం తిప్పండి. షాఫయీ పద్ధతిలో అన్నీ చదివి, సలాంకు ముందే రెండు సజ్దాలు చేస్తారు.

తరచూ ఎదురయ్యేవి మూడు.

రెండో రకాతు తర్వాత కూర్చోవడం మరచి లేస్తున్నారు. ఇంకా కూర్చున్న భంగిమకే దగ్గరగా ఉంటే కూర్చోండి, సహూ అక్కర్లేదు. పూర్తిగా నిలబడ్డాక గుర్తొస్తే వెనక్కి రాకండి, చివర్లో సహూ చేయండి.

నాలుగో రకాతులో కూర్చోకుండా అయిదోదానికి లేచారు. అయిదో రకాతు సజ్దా చేసేలోపు గుర్తొస్తే వెంటనే కూర్చుని సహూ చేయండి. సజ్దా చేసేశాక అయితే ఆ ఫర్జ్ నఫిల్ అయిపోయింది. ఇంకో రకాతు కలిపి ఆరు చేసి ముగించి, ఫర్జ్ మళ్లీ చదవండి.

మూడా, నాలుగా అన్న అనుమానం. ఎప్పుడూ లేనిది మొదటిసారి వచ్చిందంటే నమాజు తిరిగి చదవండి. తరచూ వస్తుంటే మనసు ఎటు గట్టిగా మొగ్గితే అటు వెళ్లండి. ఎటూ మొగ్గకపోతే తక్కువ అంకె, అంటే మూడు అనుకోండి. కానీ అది నాలుగో రకాతు కూడా కావచ్చు కాబట్టి ఇక్కడ కూర్చుని అత్తహియ్యాత్ చదివి, లేచి ఇంకో రకాతు చదివి, మళ్లీ కూర్చుని సహూ చేయండి. సలాం తిప్పేశాక వచ్చే అనుమానాన్ని పట్టించుకోకండి.

ఇమామ్ వెనక ఉన్నప్పుడు మీ పొరపాటుకు సహూ లేదు. ఇమామ్ సహూ చేస్తే మీరూ చేయాలి. ఆలస్యంగా కలిసినవాళ్లు సజ్దాలు ఆయనతో చేయండి కానీ సలాం తిప్పకండి.

అలా ఆలస్యంగా కలిసినప్పుడు మిగిలిన రకాతులు ఎలా తీర్చాలన్నది కూడా చాలామందికి టెన్షనే. ఇమామ్ రుకూలో ఉండగా కలిస్తే ఆ రకాతు దొరికినట్టే. మగ్రిబ్‌లో చివరి రకాతు ఒక్కటే దొరికిందా? ఇమామ్ రెండు సలాంలు అయ్యాక లేచి ఫాతిహా, సూరాతో ఒక రకాతు చదివి కూర్చోండి. అత్తహియ్యాత్ చదివి లేచి, మళ్లీ ఫాతిహా, సూరాతో ఇంకో రకాతు చదివి చివరి కూర్చోవడం. మూడు రకాతుల్లో మూడుసార్లు కూర్చున్నారేమిటని కంగారు పడకండి, అదే సరైనది. ఇషాలో చివరిది ఒక్కటే దొరికితే: ఫాతిహా, సూరాతో ఒకటి చదివి కూర్చోండి, ఫాతిహా, సూరాతో రెండోది చదివి కూర్చోకుండా లేవండి, మూడోది ఫాతిహాతో మాత్రమే.

సరిగ్గా సాగుతోందో లేదో ఎలా చూసుకోవాలి?

నెలకోసారి నోట్‌బుక్ తీయండి. ఆరు గడుల్లో టిక్‌లు దాదాపు సమానంగా ఉండాలి. ఫజర్ గడి వెనకబడి ఉండటం మామూలే, దాన్ని జొహర్‌కు ముందు గానీ ఇషా తర్వాత గానీ చదివి సరిచేయండి, ఫజర్ ఖజాను ఫజర్ వేళలోనే చదవాలన్న నియమం లేదు. ఈ నెలలో కొత్త ఖజాలు పడ్డాయేమో చూడండి. పడుతుంటే పాతవాటి కోటా తగ్గించైనా సరే, ముందు ఆ కారుతున్న చోటు ఆపండి.

చదివిన ఖజాలనే అనుమానంతో మళ్లీ మళ్లీ చదువుతున్నారా? అది వస్‌వసా (పదేపదే వేధించే అనుమానం). టిక్ ఉంటే అది అయిపోయింది. అంతే.

నోట్‌బుక్ మొదటి పేజీలో వసియ్యత్ (వీలునామా) రాసిపెట్టండి: "నేను చనిపోయేనాటికి ఇందులో టిక్ లేని నమాజులకు నా ఆస్తిలో మూడో వంతు లోపల ఫిద్యా ఇవ్వండి." ఫిద్యా అంటే పేదలకిచ్చే పరిహారం. హనఫీలో ఒక్కో నమాజుకు ఒక సదకయె ఫిత్ర్ (రమజాన్ పండుగకు పేదలకిచ్చే దానం) అంత, విత్ర్‌తో కలిపి రోజుకు ఆరు. వసియ్యత్ లేకపోతే వారసుల మీద అది తప్పనిసరి కాదు. రాసి, సంతకం పెట్టి, నోట్‌బుక్ ఎక్కడ ఉంటుందో ఇంట్లో ఒకరికి చెప్పండి.